గురియా? గాలివాటమా?

2002వ సంవత్సరం జూన్ 21వ తేదీ. జపాన్‌లోని షిజువోకా మైదానంలో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్ పోటీ జరుగుతున్నది. ఒకవైపు బ్రెజిల్, మరొకవైపు ఇంగ్లాండు. ఆట 23వ నిమిషంలో మైకేల్ ఓవెన్ గోల్ చేసి ఇంగ్లాండును ముందు నిలిపాడు. మొదటి సగం ముగిసే వేళకు రివాల్డో గోల్‌తో బ్రెజిల్ లెక్క సరిచేసింది. రెండవ సగం మొదలై ఐదు నిమిషాలు గడిచాయి. ఇంగ్లాండు గోల్‌కు సుమారు 40 గజాల దూరంలో, మైదానం కుడి పక్కన, బ్రెజిల్‌కు ఒక ఫ్రీకిక్ లభించింది. 22 ఏళ్ళ రొనాల్డినో బంతి ముందు నిలబడ్డాడు.

అంత దూరం నుండి గోల్‌లోకి నేరుగా కొడతారని ఎవరూ అనుకోరు. బంతిని గోల్ ముందున్న గుంపు మధ్యకు ఎత్తి వేస్తారు. తోటి ఆటగాడెవరైనా తలతో లోపలికి నెడతాడు. ఆనవాయితీ అది. ఇంగ్లాండు గోల్‌కీపర్ డేవిడ్ సీమన్ కూడా అలాగే భావించాడు. గాలిలో వచ్చే బంతిని అందుకోవడానికి గోల్ గీతను విడిచి కొన్ని అడుగులు ముందుకు వచ్చాడు. రొనాల్డినో తన్నిన బంతి పైకి లేచింది. అది గుంపు మీదుగా సాగింది. సీమన్ వెనుకకు అడుగులు వేశాడు, చేయి చాచాడు. బంతి ఆయనకు అందనంత ఎత్తులో దాటి, హఠాత్తుగా కిందికి వంగి, గోల్ పై మూలలో వలను తాకింది. బ్రెజిల్ 2, ఇంగ్లాండు 1. ఆ అంకెలు ఆఖరి వరకూ మారలేదు. బ్రెజిల్ అదే నెల 30వ తేదీన యొకొహామాలో జర్మనీని ఓడించి ఐదవసారి విశ్వవిజేత అయింది.

బంతి వలను తాకిన క్షణంలోనే ఒక వాదం పుట్టింది. అది నేటికీ చల్లారలేదు. రొనాల్డినో కీపరు ముందుకు వచ్చిన సంగతి కనిపెట్టి, గురి చూసి కొట్టాడని కొందరు అన్నారు. గుంపు మధ్యకు వేయబోయిన బంతి కాలు జారి గోల్‌లో పడిందని మరికొందరు అన్నారు. మొదటివారి దృష్టిలో అది అపూర్వ నైపుణ్యం. రెండవవారి దృష్టిలో అది కేవలం అదృష్టం. కంటి ముందు జరిగిన ఒకే సంఘటనను చూసి, కోట్లమంది మనుషులు రెండుగా చీలిపోయారు. కన్ను బంతిని చూడగలదు గాని, తన్నినవాని సంకల్పాన్ని చూడలేదు. వాదానికి మూలం అక్కడే ఉన్నది.

అదృష్టమంటే ఏమిటి? ఆ పదమే జవాబు చెబుతున్నది. దృష్టమైనది కనిపించినది, అదృష్టమైనది కనిపించనిది. ఫలితం కనిపించి, దాని కారణం కనిపించనప్పుడు మనిషి ఆ ఖాళీని ఈ మాటతో నింపుకొంటాడు. మన పెద్దలు ఈ విషయాన్ని మరింత సూక్ష్మంగా ఆలోచించి రెండు న్యాయాలను చెప్పారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలుతుంది; అదే క్షణంలో పండు రాలుతుంది. కాకి వాలినందువల్ల పండు రాలలేదు. పండు రాలాలని కాకి వాలలేదు. రెండూ ఒకేసారి జరిగాయి, అంతే. ఇది కాకతాళీయ న్యాయం. చెక్కను తొలిచే పురుగు తన ఆకలి కొద్దీ తొలుచుకుంటూ పోతుంది. ఆ గాడి ఒకచోట అక్షరం ఆకారంలో కనిపిస్తుంది. పురుగుకు అక్షరాలు రావు. చదివేవాడు మాత్రం ఆశ్చర్యపోతాడు. ఇది ఘుణాక్షర న్యాయం. మొదటి న్యాయం కాలం కలిసిరావడాన్ని చెబుతుంది. రెండవది సంకల్పం లేని సృష్టిని చెబుతుంది. రొనాల్డినో గోల్ మీద జరిగిన వాదమంతా నిజానికి ఈ రెండవ న్యాయం చుట్టూ తిరిగింది. ఆ బంతి గీసిన వంపు అక్షరం తెలిసినవాడు రాసినదా, పురుగు తొలిచినదా అన్నదే ప్రశ్న.

ఘుణాక్షర న్యాయానికి ఫుట్‌బాల్‌లో చక్కని ఉదాహరణ ఉన్నది. 2013 నవంబరు 2న ఇంగ్లాండులో స్టోక్ సిటీ, సౌతాంప్టన్ జట్ల మధ్య ఆట మొదలైంది. స్టోక్ గోల్‌కీపర్ అస్మిర్ బెగోవిచ్ తన గోల్ ముందు నుండి బంతిని దూరంగా తన్నాడు. దానిని తన జట్టు ముందువరుసకు చేర్చడమే ఆయన ఉద్దేశం. గాలి ఆ బంతిని మోసుకుపోయింది. అది అవతలి గోల్ ముందు నేలను తాకి, ఎత్తుగా ఎగిరి, ఎదుటి కీపరు తల మీదుగా వలలో పడింది. అప్పటికి ఆట మొదలై 13 సెకన్లు. దూరం 91.9 మీటర్లు. అది ప్రపంచ రికార్డుగా నమోదైంది. 2021లో న్యూపోర్ట్ కౌంటీ కీపరు టామ్ కింగ్ 96.01 మీటర్ల దూరం నుండి గోల్ చేసి దానిని దాటేవరకు నిలిచింది. అంతటి రికార్డు సాధించినా బెగోవిచ్ గంతులు వేయలేదు, చేతులు పైకెత్తలేదు. ఎదుటి కీపరు పడిన బాధ తోటి కీపరుగా ఆయనకు తెలుసు. ఆ గోల్ తాను కోరి చేసినది కాదనీ తెలుసు. తనది కాని ఘనతను తన ఖాతాలో వేసుకోకపోవడం కూడా ఒక సంస్కారమే.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ మరొకటి. 1970 ప్రపంచ కప్పు మెక్సికోలో జరిగింది. జూన్ 3న బ్రెజిల్, చెకోస్లొవేకియా జట్లు తలపడ్డాయి. మధ్య గీత ఇవతల, తన సగంలోనే ఉన్న పెలే తల ఎత్తి చూశాడు. చెకోస్లొవేకియా కీపరు ఇవో విక్టర్ గోల్‌ను విడిచి ముందుకు వచ్చి ఉన్నాడు. పెలే అక్కడి నుండే బంతిని ఎత్తి కొట్టాడు. విక్టర్ గాభరాగా వెనుకకు పరుగెత్తాడు. బంతి గోల్ స్తంభం పక్కనుండి కొద్దిలో బయటకు పోయింది. అది గోల్ కాలేదు. అయినా అరవై ఏళ్ళకు చేరువవుతున్నా ఫుట్‌బాల్ ప్రియులు ఆ తప్పిపోయిన బంతిని తలచుకొంటూనే ఉన్నారు. ఎందుకంటే అక్కడ సంకల్పం స్పష్టంగా కనిపించింది. చూడటం, ఎంచుకోవడం, చేయడం అనే మూడూ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. ఫలితం దక్కకపోయినా నైపుణ్యం మిగిలింది.

బెగోవిచ్ బంతి గోల్ అయింది, కాని దానిని నైపుణ్యమని ఆయనే అనలేదు. పెలే బంతి గోల్ కాలేదు, కాని దానిని నైపుణ్యం కాదని ఎవరూ అనలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. నైపుణ్యాన్ని ఫలితంతో కొలవడం కుదరదు. ఫలితం నైపుణ్యానికి సాక్ష్యం కావచ్చు గాని, నైపుణ్యమే ఫలితం కాదు.

పెలేకు తప్పిన పని 26 ఏళ్ళ తరువాత మరొకరికి నెరవేరింది. 1996 ఆగస్టు 17న వింబుల్డన్ జట్టుతో ఆడుతూ మాంచెస్టర్ యునైటెడ్ యువకుడు డేవిడ్ బెక్‌హామ్ మధ్య గీత దగ్గర నుండి బంతిని కొట్టాడు. అప్పటికి ఆయన వయస్సు 21. ముందుకు వచ్చి నిలిచిన కీపరు నీల్ సలివన్ తల మీదుగా అది గోల్‌లో పడింది. ఆ గోల్‌ను అదృష్టమన్నవారు తక్కువ. బెక్‌హామ్ తల ఎత్తి కీపరును చూడటం అందరికీ కనిపించింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆయన కాలి నుండి అటువంటి కచ్చితమైన దూరపు బంతులు ఎన్నో వెలువడ్డాయి. ఒక్కసారి జరిగిన దానిని సందేహించవచ్చు. మళ్లీ మళ్లీ జరిగిన దానిని సందేహించడం కష్టం.

అభ్యాసం కూసు విద్య అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బ్రెజిల్‌కు చెందిన జునిన్యో 2001 నుండి 2009 వరకు ఫ్రాన్సులోని లియోన్ జట్టుకు ఆడాడు. ఆ జట్టు తరఫున చేసిన 100 గోల్స్‌లో 44 ఫ్రీకిక్‌ల ద్వారా వచ్చినవే. వాటిలో చాలా దూరం నుండి కొట్టినవి కూడా ఉన్నాయి. ఒక్క ఫ్రీకిక్ గోల్ గాలివాటం కావచ్చు. నలభై నాలుగు గాలివాటాలు ఒకే మనిషి పాదాన్ని వెదుక్కుంటూ రావు. ప్రతి గోల్ వెనుక ఎవరూ చూడని వందలాది సాయంకాలాలు ఉంటాయి. వాటిని లోకం చూడదు గనుక దానిని కూడా ‘అదృష్టం’ అంటుంది. చూడనిది కాబట్టి అది అదృష్టమే!

అయితే నైపుణ్యం పక్షాన వాదించేవారు ఒక కఠిన సత్యాన్ని ఒప్పుకోక తప్పదు. ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. దగ్గర నుండి చూస్తే అది పెద్ద వాకిలి. 40 గజాల దూరం నుండి చూస్తే చిన్న కిటికీ. అంత దూరంలో బంతి దిశలో ఒక్క డిగ్రీ తేడా వస్తే చాలు, గోల్ చేరేసరికి అది 60 సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. బంతి సుమారు రెండు సెకన్ల పాటు గాలిలో ఉంటుంది. ఆ వ్యవధిలో దాని మీద తన్నినవానికి ఏ అధికారమూ ఉండదు. పాదం బంతిని విడిచిన మరుక్షణం అది గాలికి, భూమ్యాకర్షణకు, తన భ్రమణానికి చెందుతుంది. కీపరు చేతులను దాటేంత ఎత్తుగా పోవాలి; వెంటనే క్రాస్‌బార్ కిందికి దిగాలి. ఈ రెంటి మధ్య ఉన్న సందు బహు సన్నం. ఆ సందును కచ్చితంగా కోరి కొట్టానని ఎంతటి ఆటగాడూ గుండె మీద చేయి వేసుకొని చెప్పలేడు.

ఈ విషయంలో భౌతికశాస్త్రం కూడా తన మాట చెప్పింది. తిరుగుతూ పోయే బంతి తన చుట్టూ ఉన్న గాలిని ఒక పక్కకు నెడుతుంది. గాలి ఆ బంతిని రెండవ పక్కకు నెడుతుంది. అందువల్ల దాని దారి వంపు తిరుగుతుంది. టెన్నిస్ బంతి వంపు తిరగడాన్ని న్యూటన్ 17వ శతాబ్దంలోనే గమనించాడు. జర్మనీ శాస్త్రజ్ఞుడు హైన్‌రిఖ్ మాగ్నస్ 1852లో ఈ ప్రభావాన్ని వివరించాడు. నేడు దానిని ఆయన పేరుతోనే మాగ్నస్ ప్రభావం అంటున్నారు.

1997 జూన్ 3న ఫ్రాన్సులోని లియోన్‌లో బ్రెజిల్ ఆటగాడు రొబెర్తో కార్లోస్ సుమారు 35 మీటర్ల దూరం నుండి ఒక ఫ్రీకిక్ కొట్టాడు. బంతి గోల్‌కు చాలా దూరంగా కుడివైపు పోతున్నట్లు కనిపించింది. గోల్ పక్కన కొన్ని మీటర్ల దూరంలో నిలబడ్డ బంతులందించే కుర్రవాడు అది తనకు తగులుతుందని తల వంచుకున్నాడు. అంతలో బంతి వెనుకకు వంపు తిరిగి, స్తంభాన్ని రాసుకుంటూ గోల్‌లో పడింది. ఫ్రాన్సు కీపరు ఫాబియెన్ బార్తెజ్ కదలకుండా నిలబడిపోయాడు. లోకం దానిని అద్భుతమన్నది. కొందరు అసాధారణమైన అదృష్టమన్నారు. 2010లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కొందరు ఆ వంపు మీద ఒక పరిశోధన ప్రకటించారు. నీటిలోకి చిన్న గోళాలను తిప్పి ప్రయోగించి వాటి దారులను పరిశీలించారు. బంతి వేగం తగ్గినంత త్వరగా దాని భ్రమణం తగ్గదు. అందుచేత దూరం పెరిగినకొద్దీ వంపు మరింత బిగుసుకుంటుంది. బలంగా, తగినంత భ్రమణంతో, దూరం నుండి కొట్టగలిగితే ఆ దారి మళ్లీ సాధ్యమే అని వారు తేల్చారు.

ఈ పరిశోధనతో వాదం ముగిసిందని అనుకోవడం తొందరపాటు. బంతి అలా పోవడం ప్రకృతి నియమాలకు లోబడినదేనని శాస్త్రం చెప్పింది. తన్నినవాడు ఆ దారినే కోరుకున్నాడా అన్న ప్రశ్నకు శాస్త్రం జవాబు చెప్పలేదు. తాటిపండు రాలడమూ ప్రకృతి నియమమే కదా! ‘ఎలా జరిగింది’ అనేది ఒక ప్రశ్న. ‘ఎవరు చేశారు’ అనేది మరొక ప్రశ్న. మొదటిదానికి కొలబద్దలున్నాయి. రెండవదానికి తన్నినవాని మాట, అతని గతం, అతని అలవాటు మాత్రమే ఆధారాలు.

మరి రొనాల్డినో ఏమన్నాడు? సీమన్ గోల్ గీత విడిచి ముందుకు వచ్చి నిలబడతాడని జట్టు నాయకుడు కఫూ తనకు ముందే చెప్పాడని ఆయన అన్నట్లు పత్రికలు రాశాయి. కొన్నేళ్ళ తరువాత మరొక మాట కూడా అన్నట్లు వచ్చింది. తాను గోల్‌లోకే కొట్టాడట; కాని బంతి చేరిన మూల తాను కోరిన మూల కాదట! ఈ మాట రెండు పక్షాలనూ ఒక్కసారిగా ఇరుకున పెడుతుంది. గుంపు మధ్యకు వేయబోయాడన్నవారి వాదం నిలవదు. ఎందుకంటే ఆయన గురి గోల్ మీదనే ఉన్నది. అంగుళం తప్పకుండా కోరినచోటనే కొట్టాడన్నవారి వాదమూ నిలవదు. ఎందుకంటే ఆయన కోరిన చోటు వేరు. గురి ఆయనది; ఆ కచ్చితత్వం మాత్రం పూర్తిగా ఆయనది కాదు.

ఎదుటి పక్షాన నిలబడి కూడా ఈ గోల్‌ను చూడాలి. గోల్‌కీపర్ గీతను విడిచి ముందుకు రావడం అజాగ్రత్త కాదు. ముందుకు వస్తే కొట్టేవానికి కనిపించే గోల్ ఇరుకవుతుంది. గాలిలో వచ్చే బంతిని త్వరగా అందుకోవచ్చు. అది వృత్తి నేర్పిన తెలివి. అయితే ఆ తెలివికి తల మీదుగా దిగే బంతి రూపంలో ఒక వెల ఉన్నది. సీమన్ ఆ వెలను అంతకు ముందే ఒకసారి చెల్లించాడు. 1995 మే 10న పారిస్‌లో జరిగిన యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌లో ఆయన ఆర్సెనల్ కీపరు. అదనపు సమయం ముగియబోతున్న చివరి క్షణాల్లో స్పెయిన్ జట్టు రియల్ జరగోజా ఆటగాడు నాయిమ్ కుడి పక్క గీత దగ్గర నుండి, 40 గజాలకు పైబడిన దూరంలో, బంతిని ఆకాశంలోకి ఎత్తి కొట్టాడు. అది వెనుకకు పరుగెత్తుతున్న సీమన్‌ను దాటి గోల్‌లో పడింది. జరగోజా 2-1తో కప్పు గెలిచింది. ఏడేళ్ళ వ్యవధిలో, రెండు మహా పోటీల్లో, ఒకే కీపరుకు ఒకే తీరు గోల్! ఇది కాకతాళీయమా? లేక ఆయన నిలబడే చోటును ఎదుటివారు చదివేశారా? రెండవ ప్రశ్నకు అవునన్నది జవాబైతే రొనాల్డినో గోల్ పురుగు తొలిచిన అక్షరం కాదు. దాని వెనుక పరిశీలన ఉన్నది.

షిజువోకా ఆట ముగిశాక 38 ఏళ్ళ సీమన్ కన్నీరు పెట్టుకున్నాడు. అభిమానులను క్షమాపణ కోరాడు. అదే సంవత్సరం అక్టోబరులో మాసిడోనియాతో జరిగిన ఆటలో కార్నర్ నుండి నేరుగా వచ్చిన బంతి ఆయనను దాటి గోల్ అయింది. ఇంగ్లాండు తరఫున 75 ఆటలాడిన ఆయనకు అదే చివరి ఆట అయింది. ఎన్నో ఏళ్ళ శ్రమను ఒక్క బంతితో తూచడానికి లోకం వెనుకాడలేదు.

ఇదే సీమన్‌ను అదే లోకం అంతకు ముందు ఆకాశానికెత్తింది. 1996 జూన్ 15న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో స్కాట్లండ్ ఆటగాడు గ్యారీ మెకాలిస్టర్ పెనాల్టీ కొట్టాడు. సీమన్ పక్కకు దూకాడు. బంతి ఆయన మోచేతికి తగిలి బయటకు పోయింది. మెకాలిస్టర్ కాలు తగిలే ముందు, నేల మీద ఉంచిన బంతి కొద్దిగా కదిలింది. ఆ చిన్న కదలిక కీపరుకు కలిసివచ్చిందేమో ఎవరు చెప్పగలరు? అయినా ఆనాడు ఇంగ్లాండులో ఎవరూ దానిని గాలివాటమని తగ్గించలేదు. మన కీపరు ఆపితే నేర్పు. ఎదుటివాడు గోల్ చేస్తే అదృష్టం. ఫుట్‌బాల్ మైదానం దాటి చూస్తే ఈ త్రాసు ప్రతి ఇంటిలోనూ కనిపిస్తుంది. తన బిడ్డకు మార్కులు వస్తే కష్టపడి చదివాడంటారు. పక్కింటి బిడ్డకు వస్తే తెలిసిన ప్రశ్నలే వచ్చాయంటారు. తన వ్యాపారం దెబ్బతింటే కాలం కలిసిరాలేదంటారు. ఎదుటివానిది దెబ్బతింటే చేతకాదంటారు. నైపుణ్యం, అదృష్టం అనే మాటలు సంఘటనలను వర్ణించేవి కావు; చాలాసార్లు అవి చెప్పేవాని మనస్సును వర్ణిస్తాయి.

ఇంకొక లోపం జ్ఞాపకంలో ఉన్నది. దూరం నుండి గోల్‌లోకి కొట్టిన బంతుల్లో అత్యధిక భాగం ఎటో పోతాయి. కొన్ని కీపరు చేతిలో పడతాయి. కొన్ని ప్రేక్షకుల మధ్యకు ఎగిరిపోతాయి. వాటిని ఎవరూ గుర్తుంచుకోరు. గోల్ అయిన ఒక్కటి మాత్రం తరతరాలు నిలుస్తుంది. రొనాల్డినో బంతి రెండు అడుగులు పైకి పోయి ఉంటే దాని మీద ఒక్క మాటైనా పుట్టేది కాదు. తన్నిన తీరు అదే, గురి అదే, ధైర్యమూ అదే. ఫలితం ఒక్కటే వేరు. అయినా లోకం గెలిచినవానిని మేధావి అంటుంది, తప్పినవానిని తొందరపాటు మనిషి అంటుంది.

దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. మహాభారతంలో అంపశయ్య మీద ఉన్న భీష్ముని ధర్మరాజు అడిగిన సందేహాలలో అది ఒకటి. అనుశాసన పర్వంలో దానికి ఇచ్చిన సమాధానం రైతు ఇంటి మాటలాగా ఉంటుంది. పురుషకారం పొలం వంటిది. దైవం విత్తనం వంటిది. రెండూ కలిస్తేనే పంట. దున్నని నేలలో ఎంత మేలైన విత్తనం పడ్డా మొలకెత్తదు. దున్నిన నేలలో ప్రతి విత్తనమూ పండుతుందన్న హామీ లేదు. కాని పండితే అక్కడే పండుతుంది.

ఈ దృష్టితో చూస్తే షిజువోకా గోల్ మీద తీర్పు చెప్పడం కష్టం కాదు. బంతి సరిగ్గా ఆ మూలలోనే దిగడం విత్తనం. దానిని రొనాల్డినో సృష్టించలేదు. కాని అంత దూరం నుండి బంతిని అంత ఎత్తుకు లేపి, అంత వేగంగా కిందికి వంచగల పాదం ఆయన దున్నుకున్న పొలం. ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో అందరూ ఒక పని చేస్తాడని ఎదురుచూస్తుండగా మరొక పనికి సాహసించడం ఆయన నిర్ణయం. అదే ఫ్రీకిక్‌ను అభ్యాసం లేనివాడు వెయ్యిసార్లు కొట్టినా బంతి గోల్ ప్రాంతాన్ని చేరడమే అరుదు. అదృష్టం ఆఖరి అంగుళాలను ఇచ్చింది. అంతకు ముందున్న 40 గజాలను మాత్రం నైపుణ్యమే దాటించింది. అదృష్టం ఎవరి దగ్గరకు వచ్చినా దానికి నిలబడటానికి కొంత చోటు కావాలి. ఆ చోటును సిద్ధం చేసి ఉంచడమే సాధన.

అదృష్టానికి పక్షపాతం లేదనడానికి అదే ఆట మరొక సాక్ష్యం చూపింది. గోల్ చేసిన ఏడు నిమిషాలకే, డానీ మిల్స్‌ను మోటుగా అడ్డుకున్నాడన్న కారణంతో రొనాల్డినోకు రెఫరీ ఎర్రకార్డు చూపాడు. ఆనాటి వీరుడు మిగిలిన ఆటను మైదానం బయటి నుండే గడిపాడు. తరువాతి సెమీఫైనల్‌కూ దూరమయ్యాడు. అయినా ఆయన కథ అక్కడ ఆగలేదు. 2004, 2005 సంవత్సరాలలో వరుసగా ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారుడిగా ఎన్నికయ్యాడు. షిజువోకా గోల్ కేవలం గాలివాటమే అయితే ఆ గాలి అన్నేళ్ళు ఒకే దిక్కున వీచి ఉండాలి.

సీమన్ కథ కూడా కన్నీటితో ముగియలేదు. 2003 ఏప్రిల్ 13న ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్‌లో షెఫీల్డ్ యునైటెడ్ ఆటగాడు పాల్ పెస్కిసోలిడో అతి దగ్గర నుండి తలతో కొట్టిన బంతి దాదాపు గీత దాటబోయింది. 39 ఏళ్ళ సీమన్ వెనుకకు దూకి, ఒక్క చేతితో దానిని వెనుకకు లాగి బయటకు నెట్టాడు. అది ఆయన ఆడిన వెయ్యవ ఆట. ఆర్సెనల్ ఫైనల్ చేరింది; మే నెలలో సీమన్ నాయకుడిగా ఆ కప్పును గెలిచింది. ఒక్క బంతితో తనను తూచిన లోకానికి ఆయన మాటలతో జవాబు చెప్పలేదు. మళ్లీ సాధనకు వెళ్ళాడు. ఆ వెళ్ళడమే జవాబయింది.

జీవితంలో అడుగుపెట్టబోతున్న యువతీయువకులకు ఫలితాలు ముందుగా కనిపిస్తాయి. వాటి వెనుక ఉన్న శ్రమ, కలిసివచ్చిన కాలం ఆలస్యంగా కనిపిస్తాయి. తన విజయాన్ని చూసుకున్నప్పుడు అందులో కలిసివచ్చిన పాలెంతో లెక్కించుకోవడం వినయం. ఎదుటివాని విజయాన్ని చూసినప్పుడు అందులో కష్టం పాలెంతో వెదకడం న్యాయం. తన ఓటమిలో తన తప్పెంతో విచారించుకోవడం వివేకం. ఎదుటివాని ఓటమిలో కాలం చేసిన అన్యాయమెంతో గుర్తించడం దయ. లోకం సాధారణంగా ఈ నాలుగింటినీ తలకిందులు చేస్తుంది.

బంతి పాదాన్ని విడిచిన తరువాత ఎవరి వశంలోనూ ఉండదు. విడిచే క్షణం వరకు మాత్రం అది తన్నేవాని వశంలోనే ఉంటుంది. మనిషి చేతిలో ఉన్నది ఆ క్షణం వరకే. మనిషిని కొలవవలసింది కూడా ఆ క్షణం వరకే.